తెల్లని రణ్‌లో గుడారాల విడిది: ఏ మాసాలు అనుకూలం?

గుజరాత్‌లోని కచ్ జిల్లా ధోర్డో గ్రామం తెల్లని ఉప్పు మైదానానికి ముఖద్వారం. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2023లో దీనిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా గుర్తించింది. రణ్ ఉత్సవం సందర్భంగా ఏటా ఇక్కడ గుడారాల నగరం వెలుస్తుంది.

వర్షాకాలంలో రణ్ నీట మునుగుతుంది. ఆ నీరు క్రమంగా ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. వానలు ఆలస్యంగా ముగిసిన ఏడాది నవంబరులోనూ నేల బురదగా ఉండవచ్చు. కనుక డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వెన్నెలలో మెరిసే మైదానాన్ని తిలకించేందుకు పౌర్ణమి రోజుల్లో రద్దీ అధికం. బస ముందుగానే ఖరారు చేసుకోవాలి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోవచ్చు గనుక ఉన్ని దుస్తులు అవసరం. మార్చి నుంచి ఎండలు ముదురుతాయి; మే నెలలో 40 డిగ్రీలు దాటుతాయి. సరిహద్దు ప్రాంతం కావడంతో సందర్శకులు అనుమతి పత్రం పొందాలి.