రాజోత్సవగానము – అనాథశిశువులు

రాజులను స్తుతించుటకుఁ బుట్టిన కళ యా రాజులతోడనే యంతరించునని కొందఱు తలంతురు. కాని పాలకుల వైభవమునకై రచింపఁబడిన గానము దిక్కులేని శిశువులకుఁ దోడ్పడిన కథ యొకటి యింగ్లండు చరిత్రమునఁ గలదు.

జార్జి ఫ్రెడరిక్ హ్యాండెల్ 1685వ సంవత్సరమున జర్మనీదేశమందలి హాలే పట్టణమున జన్మించెను. పిదప లండనునగరమున స్థిరపడి, 1727లో పార్లమెంటు శాసనముచే బ్రిటిషు ప్రజలలో నొకఁడయ్యెను. ఆ యేఁటనే మొదటి జార్జి మరణింపఁగా, రెండవ జార్జి పట్టాభిషేకమునకు బృందగీతములు రచించు భార మీతనిపైఁ బడెను. అక్టోబరు 11వ తేదీని వెస్టుమినిస్టరు దేవాలయమున నాలుగు గీతములు పాడఁబడెను. ఆనాఁడు గానము క్రమము దప్పెనని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పగు వేక్ తన ప్రతిలో వ్రాసికొనెను. అయినను గీతములు నిలిచినవి.

వానిలో సొలొమోను పట్టాభిషేకమును వర్ణించు 'సాదోకు యాజకుఁడు' మిక్కిలి ప్రసిద్ధము. మొదట వయొలీనులు మెల్లమెల్లగా, అలవెంట నలవలె మ్రోగుచుండును. గాయకులు మౌనముగా నుందురు. వినువారి యాతురత పెరిగి పెరిగి యున్న తఱి, ఏడు భాగములుగా నేర్పడిన కంఠము లొక్కుమ్మడిగా లేచును. బాకాలును భేరులును వానితోఁ గలియును. 2023లో మూడవ చార్లెసు పట్టాభిషేకమువఱకు ప్రతి బ్రిటిషు పట్టాభిషేకమునను ఈ గీతము పాడఁబడినది.

ఇఁక రెండవ ఘట్టము. లండను వీధులలో విడువఁబడు శిశువుల దుర్గతిఁ జూచి, థామస్ కోరం అను నావికుఁడు పదునేడేండ్లు పాటుపడి, 1739లో రాజశాసనమును సంపాదించి యనాథశరణాలయమును స్థాపించెను. అట్టి శిశువులను బోషించుట దుర్నీతికి దోహదమగునని యాక్షేపించినవారును లేకపోలేదు. తల్లిదండ్రుల తప్పునకు శిశువును శిక్షించుట ధర్మమా?

ఈ ప్రశ్నకు హ్యాండెల్ వాదముచేఁ గాక గానముచే నుత్తర మిచ్చెను. 1748నాఁటి సంధి సందర్భమునఁ దాను రచించిన శాంతిగీతమును 1749 ఏప్రిలులో రాజమందిరపు ప్రార్థనాలయమున వినిపించెను. మే 27వ తేదీని అదే గీతమును శరణాలయపు టసంపూర్ణ ప్రార్థనామందిరమునఁ బాడించెను. దానితోపాటు అనాథలకై కూర్చిన క్రొత్త గీతమునుగూడ వినిపించెను. యువరాజదంపతులు విచ్చేసిరి. నలుగురు నిందించిన శిశువుల యింటికి ఘనులు నడచి వచ్చిరి! 1750 మొదలు 'మెస్సయ్య' కావ్యగానము ఏఁటేఁట నచ్చట జరుగుచు శరణాలయమునకు ధనము చేకూర్చెను. 1759లో మరణించిన హ్యాండెల్ దాని ప్రతి నొకదానిని మరణశాసనముచే నా సంస్థకే యొసఁగెను.

రాజాదరము కళకుఁ గీర్తి తెచ్చును. దీనజనోపకారము దానికి సార్థకత నిచ్చును. ఉత్సవములకు ధనము వెచ్చించువారును, వానిని గానముచే నలంకరించువారును ఈ చరిత్రమును దలంపవలసియున్నది.