ఒకే బ్యారక్, రెండు ప్రభుత్వాలు

ఉమ్మడి అనంతపురం జిల్లా తాడిమర్రి మనిషికి యావజ్జీవ శిక్ష పడితే చేరేది కడప సెంట్రల్ జైలుకు. కేసు పెట్టింది మండల పోలీసులైనా, ఢిల్లీ నుంచి వచ్చిన సీబీఐ అయినా జైలు మారదు. పేరు చూసి చాలామంది సెంట్రల్ జైలు కేంద్ర ప్రభుత్వానిదే అనుకుంటారు. అది పూర్తిగా రాష్ట్రానిదే. అమెరికాలో కథ వేరు. అక్కడా ఒకప్పుడు ఫెడరల్ ఖైదీలను రాష్ట్రాల జైళ్ళలోనే ఉంచేవారు. 1891లో చట్టం చేసి ఫెడరల్ జైళ్ళు కట్టుకున్నారు, 1930లో వాటికి ప్రత్యేక శాఖే పెట్టుకున్నారు. మనం ఆ దారి పట్టలేదు.

మన పద్ధతికి పునాది కంపెనీ పాలనలో పడింది. మెకాలే సభ్యుడిగా ఉన్న కమిటీ 1838లో ఇచ్చిన నివేదిక, ఏడాదికి మించి శిక్ష పడినవారికి పెద్ద కేంద్ర కారాగారాలు కట్టమంది. 1894లో జైళ్ళ చట్టం దేశమంతటికీ ఒక్కటే వచ్చినా, నడిపే బరువు మద్రాసులాంటి ప్రభుత్వాల మీదే ఉండిపోయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం జైళ్ళను రాష్ట్రాల జాబితాలో చేర్చింది. రాజ్యాంగం కూడా ఏడో షెడ్యూలులో వాటిని అక్కడే ఉంచింది.

అయితే మనిషిని బంధించే అధికారం ఎప్పుడూ ఒక్క చోటే లేదు. ఈ సంగతి అనంతపురం జిల్లాకు బాగా అనుభవం. ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డిని 1942 ఆగస్టులో అరెస్టు చేసి, ప్రకాశం, కామరాజ్, వి.వి. గిరిలతో పాటు ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న అమరావతి జైల్లో పెట్టారు. మద్రాసు రాష్ట్రపు ఖైదీలు వేరే రాష్ట్రపు గోడల మధ్య గడిపారు. ఆయనను చూసి రావాలంటే ఇంటివాళ్ళు ఎన్ని రైళ్ళు మారాలో ఊహించండి. పదేళ్ళకు, 1952 ఎన్నికల్లో, ఆయన బావమరిది తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండే పోటీచేసి ఆయననే ఓడించారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, విచారణ లేకుండా నిర్బంధించే చట్టాన్ని 1950లో పార్లమెంటు చేసింది. నిర్బంధితులను కాపలా కాసి, కూడు పెట్టింది మాత్రం రాష్ట్రాల జైళ్ళే.

ఈ పొత్తు ఇప్పటికీ అంతే. జీతాలు, తిండి, వైద్యం, ములాఖత్ ఏర్పాట్లు రాష్ట్రం చూసుకోవాలి. కేంద్ర హోంశాఖ నమూనాలు పంపుతుంది: 2016లో మాన్యువల్, 2023లో నమూనా చట్టం. వాటిని స్వీకరించడం రాష్ట్రం ఇష్టం. కులాన్ని బట్టి జైల్లో పనులు పంచే నిబంధనలను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, మాన్యువళ్ళు సవరించుకోమని రాష్ట్రాలకూ కేంద్రానికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది.

అసలు తేడా బయటపడేది విడుదల దగ్గర. పక్కపక్కన పడుకునే ఇద్దరు జీవితఖైదీల్లో ఒకరిది రాష్ట్ర పోలీసుల కేసైతే, సత్ప్రవర్తన చూసి శిక్ష తగ్గించే నిర్ణయం రాష్ట్రానిదే. రెండోది సీబీఐ కేసైతే ఢిల్లీ కూడా సరేననాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఢిల్లీతో సంప్రదింపు చాలంది. ఆ సంప్రదింపు అంటే సమ్మతేనని రాజీవ్ గాంధీ హత్య కేసు ఖైదీల వ్యవహారంలో సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 477వ సెక్షన్ ఆ మాటను నేరుగా చట్టంలోకే ఎక్కించింది. నా దృష్టిలో ఇది అన్యాయమైన పంపకం. పద్నాలుగేళ్ళు ఆ మనిషిని రోజూ చూసిన జైలు సూపరింటెండెంటు నివేదిక, అతన్ని ఎన్నడూ చూడని ఢిల్లీ కార్యాలయంలో ఫైలుగా ఆగుతుంది. దానికి గడువు పెట్టే నియమమైనా ఆ సెక్షన్‌లో ఉండాల్సింది.