జీర్ణోద్ధరణము – దేహధర్మము, ఆత్మతత్త్వము



ప్రాచీనాలయమును విప్పునప్పుడు పెద్దల మనస్సు కలుక్కుమనును. తాతముత్తాతలు మ్రొక్కిన గోడలు పోయిన పిదప మన స్వామి మనకు అట్లే ఉండునా అను సందేహము ఇబ్రహీంపట్నం భక్తులకు కలిగినచో అది సహజమే. గీత ద్వితీయాధ్యాయము ఈ సందేహమును తీర్చుచున్నది. బాల్య యౌవన వార్ధక్యములు దేహమునకే గాని, వానిని ఎరుగుచున్న ఆత్మకు లేవు.

ఆగమశాస్త్రములు ఆలయమును పురుషదేహముగా భావించినవి. అధిష్ఠానము పాదములు, గ్రీవము కంఠము, శిఖరము శిరస్సు. గర్భగృహములోని మూర్తియే ఆ దేహమునకు జీవము. అందువలన రాతిని కదల్చుటకు పూర్వమే కళాకర్షణము జరుగును. మూర్తియందలి దివ్యకళను మంత్రపూర్వకముగా జలకుంభములోనికి ఆవాహన చేసి, బాలాలయమున అర్చింతురు. పనులు ముగిసిన పిదప ఆ కళను మరల మూలమూర్తికి చేర్చుదురు. దేహము మారుచున్నను ఆరాధన తెగదు.

మన కన్నుల యెదుట జరిగిన ఉదాహరణము యాదగిరిగుట్ట. అచ్చట 2016 ఏప్రిల్‌లో బాలాలయము ఏర్పడినది. దాదాపు ఆరేండ్లు భక్తులు స్వామిని అందులోనే సేవించిరి. కొండగుహలోని స్వయంభూ నృసింహుని కదల్చక, చుట్టును కృష్ణశిలతో నూతనాలయమును నిర్మించిరి. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణము జరిగినది. మండపములు, ప్రాకారములు, గోపురములు క్రొత్తవి. స్వామి మాత్రము ఆనాటి స్వామియే.

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. 2017 నాటికి క్రొత్త గోపురము లేచినది. ఐదు శతాబ్దుల శిల నేలరాలినను వాయులింగము చెక్కుచెదరలేదు. తిరుమలలో శిథిలత కొరకు వేచియుండక, పండ్రెండేండ్లకొకసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము చేయుదురు. 2018 ఆగస్టులో అది జరిగినది. లక్క, గుగ్గిలము, మైనము మొదలగు ఎనిమిది ద్రవ్యముల ముద్దతో మూర్తిని పీఠమునకు దృఢపరచుటయే అష్టబంధనము.

ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. ఆత్మ సర్వవ్యాపి, దానికి రాకపోకలు లేవు. కుంభమునకు రమ్మని పిలుచుట మన చిత్తము నిలుచుటకే. అట్లని దేహమును నిర్లక్ష్యము చేయరాదు. ధర్మాచరణమునకు దేహమే సాధనము. ఊరి ఉపాసనకు ఆలయమే దేహము.

దాతలారా! శిలాఫలకముపై చెక్కిన పేరు కూడ ఒకనాటికి అరిగిపోవును. ఇచ్చునప్పటి భక్తిభావము మాత్రము సంస్కారమై జీవునితో వెంట వచ్చును. కుంభాభిషేకముతో మన బాధ్యత ముగియదు. గోపురపు పగులులో రావిమొక్క మొలచిన నాడే తీయించుడు. పండుగలు లేని దినములలోను గర్భగుడి దీపమునకు నూనె కొరవడకుండ చూడుడు. ఈ ఆలయమునకు దీర్ఘాయువు మీ చేతులలోనే యున్నది.

శుభం భూయాత్.