భారతదేశ జాతీయ భద్రత, విదేశాంగ విధానం

స్వతంత్ర భారతదేశం ఇరుగుపొరుగు దేశాలతోనూ అగ్రరాజ్యాలతోనూ నడిపిన సంబంధాలు, సరిహద్దులను కాపాడుకోవడానికి పడిన పాట్లు ఒకే చరిత్రలో భాగాలు. ఆ చరిత్ర పొడవునా ఒక తీరు కనిపిస్తుంది. దెబ్బ తగిలాకే వ్యవస్థ పుట్టింది. సరిహద్దు దళాలు, దర్యాప్తు సంస్థలు, ఉమ్మడి సైనిక పదవి, దాదాపు అన్నీ ఏదో ఒక యుద్ధం తర్వాతో దాడి తర్వాతో ఏర్పడ్డవే.

తొలి ఏళ్లు

1947 అక్టోబరు 22న పాకిస్తాన్ వైపు నుంచి సాయుధ తెగలవారు కశ్మీరులోకి చొరబడ్డారు. మహారాజు హరిసింగ్ 26న విలీన పత్రంపై సంతకం చేయగా, మర్నాడు భారత సేనలు శ్రీనగర్‌లో దిగాయి. 1949 జనవరి 1న కాల్పులు ఆగాయి. కశ్మీరు మాత్రం రెండుగా చీలి నిలిచిపోయింది. ఈలోగా 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంపై సైనిక చర్య జరిగింది. నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తలుపు తట్టినా, కొద్ది రోజుల్లోనే సంస్థానం లొంగిపోవడంతో అది అంతర్జాతీయ తగాదాగా ముదరలేదు.

చైనా దెబ్బ

1950లో చైనా సేనలు టిబెట్‌లో ప్రవేశించాయి. ఉత్తర సరిహద్దుకు ఇకపై ముప్పు ఉందని, రక్షణ ఏర్పాట్లన్నిటినీ తిరిగి చూసుకోవాలని సర్దార్ పటేల్ ఆ ఏడాది నవంబరు 7న నెహ్రూకు సుదీర్ఘమైన లేఖ రాశారు. 1954లో టిబెట్‌పై చైనాతో కుదిరిన ఒప్పందంలో పంచశీల సూత్రాలు చేరాయి. సరిహద్దు ఎక్కడన్న ప్రశ్న మాత్రం ఆ ఒప్పందంలోకి రాలేదు. 1959లో దలైలామా భారత్‌లో ఆశ్రయం పొందారు. అదే ఏడాది లోంగ్జూ, కోంగ్కా లా వద్ద నెత్తురు చిందింది.

1962 అక్టోబరు 20న చైనా ఇటు లద్దాఖ్‌లోనూ అటు నేఫాలోనూ (నేటి అరుణాచల్ ప్రదేశ్) ఒకేసారి దాడి చేసింది. చలిని తట్టుకునే దుస్తులు చాలక, పాతకాలపు రైఫిళ్లతో జవాన్లు అంతెత్తు కొండల మీద పోరాడారు. వైమానిక దళపు యుద్ధవిమానాలను పోరులోకి దింపనే లేదు. అలీన విధానానికి ఆద్యుడైన నెహ్రూ యుద్ధవిమానాల సాయం కోరుతూ అమెరికా అధ్యక్షుడు కెనెడీకి లేఖలు రాయాల్సి వచ్చింది. నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించింది. అక్సాయ్ చిన్ దాని చేతిలోనే ఉండిపోయింది. జవాన్ల ధైర్యంలో లోటు లేదు. ఓడినవి ఢిల్లీలోని అంచనాలు.

యుద్ధం నడుస్తుండగానే ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం ఏర్పడింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం ముగిశాక సరిహద్దు భద్రతా దళం వచ్చింది. విదేశీ గూఢచర్యానికి ప్రత్యేక సంస్థ ‘రా’ను 1968లో నెలకొల్పారు.

విజయం, ఎదురుదెబ్బ

1971 యుద్ధం ఈ తీరుకు మినహాయింపు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, నెలల తరబడి ముందస్తు సన్నాహం, ఆపైనే యుద్ధం. విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు వచ్చిన పాక్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరంలో మునిగింది. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది. దౌత్యం, సైన్యం ఒకే మాట మీద నడిస్తే ఫలితం ఎలా ఉంటుందో ఆ ఏడాది చూపింది.

శ్రీలంకలో అలా జరగలేదు. 1987 ఒప్పందంతో వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం తమిళ వేర్పాటువాద సంస్థ ఎల్‌టీటీఈతోనే తలపడి, వెయ్యిమందికి పైగా సైనికులను కోల్పోయి 1990లో వెనుదిరిగింది. ఆ దళాన్ని పంపిన మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ మరుసటి ఏడాది ఎల్‌టీటీఈ చేతిలో హత్యకు గురయ్యారు.

పీవీ మలుపు

1991 జూన్‌లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేవు. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. భారత సైన్యం ఆయుధాల్లో అధికభాగం అక్కడివే. విడిభాగాలు చేసే కర్మాగారాలు ఒక్కసారిగా వేర్వేరు దేశాల పాలయ్యాయి. అంతకుముందే విదేశాంగ మంత్రిగా పనిచేసిన పీవీ హడావుడి లేకుండా దారి మళ్లించారు. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. ఆగ్నేయాసియా దేశాలవైపు ‘లుక్ ఈస్ట్’ విధానం మొదలైంది. 1993 సెప్టెంబరులో వాస్తవాధీన రేఖ వెంట శాంతి కోసం చైనాతో ఒప్పందం కుదిరింది. నేటి విదేశాంగ విధానపు చట్రాన్ని చాలావరకు ఈ తెలుగువాడే బిగించారు. ఆయనకు దక్కాల్సిన గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. భారతరత్న ప్రకటించింది 2024లో.

అణ్వస్త్రాల తర్వాత

1998 మే నెలలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి, అమెరికా ఆంక్షలు వచ్చాయి. ఏడాది తిరగకుండానే కార్గిల్‌లో పాక్ సైనికులు శిఖరాలు ఎక్కి కూర్చున్నారు. వారిని దింపడానికి 500 మందికి పైగా భారత సైనికులు ప్రాణాలిచ్చారు. చొరబాటును ముందే ఎందుకు పసిగట్టలేకపోయామన్న దానిపై కె.సుబ్రహ్మణ్యం కమిటీ విచారణ జరిపింది. ఆ తర్వాత మంత్రుల బృందం సూచించిన త్రిదళాధిపతి పదవి భర్తీ కావడానికి 2020 జనవరి దాకా పట్టింది. 2008 నవంబరులో ఉగ్రవాదులు సముద్రమార్గాన ముంబయిలో దిగి 166 మందిని చంపారు. జాతీయ దర్యాప్తు సంస్థ చట్టం వచ్చింది ఆ మరుసటి నెలలోనే. అదే ఏడాది అమెరికాతో పౌర అణు ఒప్పందం పూర్తయి, అణురంగంలో దశాబ్దాల ఏకాకితనం తొలగింది.

ఇప్పటి చిక్కులు

2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సేనలతో ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. సరిహద్దు గస్తీపై చైనాతో అవగాహన కుదరడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. ఇంతలో చైనా నుంచి దిగుమతులు ఏటా 100 బిలియన్ డాలర్లు దాటాయి. పోట్లాడే పొరుగుదేశమే ప్రధాన సరఫరాదారు కావడం సైన్యం ఒక్కటే తీర్చగల చిక్కు కాదు. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే రావాలి. రష్యా ఆయుధాలు కావాలి, అమెరికా సాంకేతికత కావాలి. పాకిస్తాన్ వైపూ ప్రశాంతత లేదు. 2025 ఏప్రిల్‌లో కశ్మీరులోని పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు కాల్చి చంపాక మే నెలలో పాకిస్తాన్‌తో నాలుగు రోజుల సైనిక ఘర్షణ జరిగింది.

దెబ్బ నుంచి పాఠం నేర్వాలంటే దాని లెక్క బయటికి రావాలి. సుబ్రహ్మణ్యం కమిటీ కార్గిల్ నివేదికను, కొన్ని భాగాలు మినహాయించి, 2000లో పార్లమెంటు ముందు పెట్టారు. ఆలస్యంగానైనా సంస్కరణలు వచ్చాయి. 1962 ఓటమిపై సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్ ఇచ్చిన నివేదికను మాత్రం ఆరు దశాబ్దాలు దాటినా ఏ ప్రభుత్వమూ అధికారికంగా బయటపెట్టలేదు. దాన్ని ఇకనైనా పార్లమెంటు ముందు ఉంచాలి.