గొలుసు రంపము కథ

ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా పేర వెలసిన అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున, ఒక ముదుసలి చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు నూటయేబది మంది దాకా ఆ చెట్టు కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొన్నారని ప్రతీతి. అటువంటి మ్రానును ఇద్దరు మనుషులు లాగు రంపముతో పడగొట్టవలెనన్న ఎంతో శ్రమ, ఎంతో కాలము పట్టును. నేటి గొలుసు రంపమునకు కొన్ని నిమిషములు చాలును. అంతటి యంత్రము ఏ అడవిలోనో పుట్టి ఉండునని మనము తలచెదము. కాదు. అదియు వైద్యుల చేతిలోనే పుట్టినది.

18వ శతాబ్ది చివరి దశకములలో స్కాట్లండు వైద్యులు జాన్ ఎయిట్కెన్, జేమ్స్ జెఫ్రీ అనువారు గడియారపు గొలుసు వంటి సన్నని గొలుసునకు పళ్ళు పెట్టించి, రెండు కొసలకు పిడులు తగిలించినారు. చెడిన కీలు వద్ద ఎముక చుట్టును దానిని త్రిప్పి, ఇటునటు లాగి కోసెడివారు. కష్టప్రసవములందును దాని ఉపయోగము ఉండెడిది. 1830 ప్రాంతమున జర్మనీలో బెర్నార్డ్ హైనే మరియొక అడుగు ముందుకు వేసి, ఒక పట్టీ అంచు వెంబడి గొలుసు తిరుగునట్లు అమర్చి, చేతితో మర త్రిప్పు పరికరము చేసినాడు. నేటి గొలుసు రంపము రూపురేఖ అదియే. ఉలి, సుత్తి దెబ్బలకు ఎముక చిట్లెడిది. ఈ పరికరముతో ఆ అదురు తప్పినది. రోగికి మత్తుమందు లేని దినములలో అది ఎంత మేలో ఊహించుకొనవచ్చును. (మత్తుమందు మాట వచ్చినది గనుక చెప్పవలెను: క్లోరోఫారమ్ క్షేమమా కాదా అని తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డ్ లారీ పూనికతో రెండు విచారణ సంఘములు పని చేసినది మన హైదరాబాదులోనే.) 1894లో ఇటలీ వైద్యుడు జీలీ చవుకయైన తీగ రంపమును తెచ్చుటతో హైనే పరికరము క్రమముగా మూలబడినది.

అడవిలో మాత్రము అదే ఆలోచన వేరుగా మొలకెత్తినది. జర్మనీలో ఎమిల్ లెర్ప్ 1927లో డోల్మార్ అను కొండపై పెట్రోలు రంపమును పరీక్షించి, ఆ కొండ పేరే తన సరకునకు పెట్టినాడు. ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడుచు రంపమును, 1929లో పెట్రోలు రంపమును తయారు చేసినాడు. ఈ రెండవది 46 కిలోల బరువు, ఇద్దరు మోయవలెను. అదే సంస్థ 1959లో ‘కాంట్రా’ అను రంపమును తెచ్చినప్పుడు దాని బరువు 12 కిలోలు. ఈ రెండు రంపముల ఇంజను శక్తియు ఇంచుమించు ఆరు అశ్వబలములే! ముప్పది సంవత్సరముల కృషి అంతయు బరువు తగ్గించుటకే పోయినదనవచ్చును.

నా మట్టుకు ఇంజను కన్న పంటి కథయే ముచ్చటైనది. తొలి గొలుసులకు చేతి రంపపు పళ్ళే ఉండెడివి. అవి చెక్కను గీకెడివి గాని కోసెడివి కావు, ఊరక మొద్దుబారెడివి. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలప కోతగాడు ఒక మొద్దులో పురుగును చూచినాడు. ఆ పురుగు తన రెండు దవడలతో కుడివైపు ఒక ముక్క, ఎడమవైపు ఒక ముక్క తొలుచుచు, చెక్క ఈనెకు అడ్డముగానైనను నిలువుగానైనను ఒకే తీరున సాగిపోవుచున్నది. ఆ దవడల వంపునే ఉక్కులో పోతపోసినట్లు కుడి ఎడమల పళ్ళు మార్చి మార్చి పెట్టి 1947లో గొలుసు అమ్మకము ప్రారంభించినాడు. నేడు ఏ పేరు గల రంపము కొన్నను అందలి గొలుసు చాలవరకు ఆ పురుగు దవడకే ఋణపడి ఉన్నది.

తరువాతి పోటీ మనిషి చేతిని కాపాడుటలో జరిగినది. ఏండ్ల తరబడి అదురు సోకిన పనివాని వ్రేళ్ళు తెల్లబారి స్పర్శ కోల్పోవును. 1689లో తుపాకుల కర్మాగారముగా మొదలైన స్వీడను సంస్థ హుస్క్వర్నా 1959లో రంపముల తయారీకి దిగి, 1969లో అదురు హరించు పిడిని ప్రవేశపెట్టినది. పట్టీ కొన చెక్కకు తగిలి రంపము ఎగిరి ముఖము మీదికి తన్నినప్పుడు గొలుసును ఆపు బ్రేకు 1970 దశకమున వచ్చినది.

ఇంత శ్రమతో కూర్చిన తూకమును కొందరు ఒక్క పూటలో చెడగొట్టుకొందురు. ప్రతి పంటికి ముందు ఒక చిన్న బుడిపె ఉండును. పన్ను ఎంత లోతు కొరుకవలెనో అది నిర్ణయించును. వేగము పెరుగునని దానిని మితిమీరి ఆకురాయితో అరుగదీసినచో పన్ను లోతుగా దిగి, ఎదురుతన్ను ఎక్కువగును. సైలెన్సరుకు రంధ్రములు పెంచువారు కలరు. ఈ ఇంజనులలో నూనె పెట్రోలుతో కలిసి లోపలికి పోవును; పొగ దారి వెడల్పు చేసి పెట్రోలు పాలు సరిచేయకున్న మిశ్రమము పలుచబడి, నూనెయు తగ్గి, వేడికి పిస్టను పట్టివేయును. నిజమైన వేగము వాడి గొలుసులో ఉన్నది. కోత నుండి పెళుసు ముక్కలు రాలినంత సేపు మేలు. పిండి రాలినదా, ఆకురాయి తీయవలసినదే.

కొనువారు స్టీల్ మంచిదా, హుస్క్వర్నా మంచిదా అని అడుగుదురు. ఆ తరగతి యంత్రముల నడుమ తేడా స్వల్పము. అమ్మినవాడు గొలుసు పదునుపెట్టి ఇచ్చునా, విడిభాగములు దుకాణములో ఉంచునా, పిస్టను పట్టినప్పుడు విప్పి చూడగలడా అన్నదే పెద్ద తేడా. స్టీల్ సంస్థ మరమ్మతు చేయగల వర్తకుల ద్వారానే అమ్మకము సాగించినది. ఆ పట్టుదల దానికి మేలే చేసినది. ఒకప్పుడు అమెరికా అడవులలో మారుమ్రోగిన మెకలక్ సంస్థ 1999లో దివాలా తీసినది; పేరు తరువాత హుస్క్వర్నా చేతికి పోయినది. పేరు నిలిచినంత మాత్రమున పాత యంత్రమునకు భాగము దొరకునన్న హామీ లేదు.

ఇటువంటి రంపము మన కలప అడితులకు చేరుటతో, దుంగను ఎత్తున నిలిపి పైన ఒకరు, క్రింద ఒకరు నిలిచి కోసిన జంటల చెమటకు కాలము తీరినది. కాని చెట్టుకు గడువు కూడ తగ్గినది. అందుచేతనే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెట్టు కొట్టుటకు ముందు అనుమతి అడుగుమన్నది. అనుమతి చేతికి వచ్చుటకు కొన్ని దినములు పట్టును. ఆ చట్టములో చెట్టునకు దక్కిన వ్యవధి అదియే.