లెక్క సరియే – జవాబు తప్పు

ఒక్కొక్క బస్సులో 36 మంది సైనికులు పట్టుదురు. 1128 మందిని శిక్షణ శిబిరమునకు చేర్చవలెను. ఎన్ని బస్సులు కావలెను? 1980 దశకపు ఆరంభమున అమెరికాలో జరిగిన జాతీయ విద్యా పరీక్షలో 13 ఏండ్ల విద్యార్థులకు ఇచ్చిన ప్రశ్న ఇది. భాగించినచో 31 వచ్చి, 12 మిగులును. నూటికి 70 మంది భాగహారమును సరిగానే చేసిరి. కాని 32 బస్సులు కావలెనని వ్రాసినవారు నూటికి 23 మంది మాత్రమే. 29 మంది ‘31, శేషము 12’ అని వ్రాసిరి. 18 మంది శేషమును విడిచి 31తో సరిపెట్టిరి. ఆ మిగిలిన 12 మంది సైనికులు ఎట్లు ప్రయాణము చేయుదురు?

లోపము భాగహారములో లేదు. లోకములోని ఒక పరిస్థితిని గణిత భాషలోనికి మార్చుట మొదటి మెట్టు. లెక్క చేయుట రెండవది. వచ్చిన ఫలితమును తిరిగి ఆ పరిస్థితిలో ఉంచి, సరిపోవునో లేదో చూచుట మూడవది. ఈ మూడును కలిసిన పనికే గణిత నమూనా నిర్మాణమని పేరు. బడిలో మన శ్రమ అంతయు నడిమి మెట్టు మీదనే గడచుచున్నది.

ఈ సంగతిని పెద్దలు ముందే గుర్తించిరి. 1960 దశకములో యూరపు, అమెరికా ఖండములలో ‘నవ్య గణితము’ విస్తరించుచుండెను. సమితులు, వాటి ధర్మములు పాఠ్యగ్రంథములను ఆక్రమించినవి. ఆ కాలమున, 1967 ఆగస్టులో, హాలెండులోని యూట్రెక్ట్ నగరములో ఒక సదస్సు జరిగెను. గణితమును ఉపయోగపడునట్లు బోధించుట ఎట్లు అన్నది దాని విషయము. దానికి పూనుకొనిన హాన్స్ ఫ్రాయిడెంతాల్ గణితవేత్త. సిద్ధమైన గణితమును ముందు నేర్పి, ఉపయోగములను తరువాత అతికించుట చాలదనియు, పరిస్థితులను గణితముగా మార్చుటనే పిల్లలు నేర్వవలెననియు ఆయన వాదించెను. బెల్ టెలిఫోన్ పరిశోధనాలయములో పనిచేసిన హెన్రీ పొలాక్ కూడ ఆ సదస్సులో మాటలాడెను. 1983లో ఇంగ్లండులోని ఎక్సెటరులో నమూనాల బోధనపై తొలి అంతర్జాతీయ సమావేశము జరిగినది.

ఇంతలో పిల్లల ఆలోచనను పరీక్షించు పని కూడ మొదలైనది. 1979లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లలను ఒక వింత ప్రశ్న అడిగిరి: ‘ఓడలో 26 గొఱ్ఱెలు, 10 మేకలు ఉన్నవి. ఓడ కెప్టెను వయస్సెంత?’ 97 మందిలో 76 మంది ఇచ్చిన అంకెలతోనే లెక్కకట్టి వయస్సు చెప్పిరి!

బెల్జియములో వెర్షాఫెల్, ఆయన సహచరులు 1994లో ప్రకటించిన పరిశోధన మరింత లోతైనది. వారు 10, 11 ఏండ్ల పిల్లలు 75 మందికి లెక్కలిచ్చిరి. వాటిలో ఒకటి చూడుడు: 2.5 మీటర్ల చెక్కపలకలు 4 కలవు. వాటినుండి 1 మీటరు ముక్కలు ఎన్ని వచ్చును? గుణించినచో 10. కాని ఏ వడ్రంగినడిగినను 8 అనియే చెప్పును. ఒక్కొక్క పలకలో రెండు ముక్కలు పోగా మిగులునది అరమీటరే కదా! ఇట్టి లెక్కలు పదింటిలో లోకజ్ఞానము కనబడిన జవాబులు నూటికి 17 మాత్రమే. ఉత్తర ఐర్లండులోను, జపానులోను ఇదే ధోరణి కనబడినది.

అట్లయిన ఈ పిల్లలకు తెలివి తక్కువయా? కాదు. వారు తరగతిగది నియమములను చక్కగా నేర్చుకొనిరి. ప్రతి లెక్కకు ఒకే జవాబుండును. ఇచ్చిన అంకెలన్నిటిని వాడవలెను. పంతులుగారి ప్రశ్నలో తప్పుండదు. ఈ నియమములు ఎవరును వ్రాసియుంచలేదు. కాని ఏండ్ల తరబడి చేసిన అభ్యాసములే వాటిని నేర్పినవి.

1997లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధన దీనికి మంచి సాక్ష్యము. డిఫ్రాంకో, కర్సియో అను పరిశోధకులు ఆరవ తరగతి పిల్లలు 20 మందికి బస్సుల లెక్కవంటిదే కాగితముపై ఇచ్చిరి. ఇద్దరే తగిన జవాబిచ్చిరి. తరువాత, తరగతి విందుకు పోవుటకు బండ్లు కావలెనని టెలిఫోనులో అడుగుమని ఆ పిల్లలకే చెప్పిరి. ఈ సారి 16 మంది సరిగా చెప్పిరి. పిల్లలు వారే, భాగహారము అదే, మారినది ప్రయోజనమొక్కటే.

జర్మనీలో వెర్నర్ బ్లుమ్, డొమినిక్ లైస్ మరొక విధమైన ప్రశ్నను వాడిరి. ట్రియరు పట్టణములో పెట్రోలు లీటరు 1.35 యూరోలు. 20 కిలోమీటర్ల దూరముననున్న లక్సెంబర్గు సరిహద్దు దాటగానే 1.10 యూరోలు. అక్కడికి పోయి పెట్రోలు పోయించుకొనుట లాభమా? బండి ఎంత త్రాగును, ట్యాంకులో ఎంత పట్టును అన్నవి ప్రశ్నలో లేవు. వాటిని విద్యార్థియే ఊహింపవలెను. 40 లీటర్లు కొన్నచో 10 యూరోలు మిగులును. రానుపోను 40 కిలోమీటర్లకు సుమారు 3 లీటర్లు ఖర్చగును. మరి కాలము విలువ? పొగ? జవాబు ఒకటి కాదు; కాని ప్రతి జవాబుకు కారణము చెప్పవలెను. ఉపాధ్యాయుడు దారి చెప్పి నడిపించిన తరగతులకన్న, విద్యార్థులను స్వయముగా ఆలోచింపనిచ్చి అవసరమైనప్పుడు మాత్రమే సూచన ఇచ్చిన తరగతులే నమూనా నిర్మాణములో ముందుకు సాగినవని వారి పరిశోధన తెలిపినది.

మన దేశములో 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పిల్లల ఆలోచనను గణితమయము చేయుటయే గణితబోధన లక్ష్యమనెను. దానిననుసరించి వెలువడిన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 9, 10 తరగతుల గణిత పుస్తకములలో నమూనా నిర్మాణము అనుబంధముగా చేరినది. అయితే అనుబంధములను చదువువారెందరు? పుస్తకము చివర ఉన్న పాఠమును ప్రతి లెక్క చివరకు తెచ్చుట ఉపాధ్యాయుని చేతిలోనే ఉన్నది. ‘జవాబెంత?’ అని అడిగిన తరువాత ‘ఇది జరుగునా?’ అని మరొక ప్రశ్న అడిగిన చాలును. అప్పుడు ఆ పన్నెండుమంది సైనికులకును ఒక బస్సు దొరకును.