పలనాటి పుల్లరి – బందెలదొడ్డి

పలనాటి చరిత్రమనఁగానే పండితులకు నాగమ్మయు, బ్రహ్మనాయఁడును, కారెంపూడి రణరంగమును స్ఫురించును. 12వ శతాబ్దిలో గురజాల, మాచర్ల పక్షములకు నడుమఁ బుట్టిన వైరము కోడిపందెముతో ముదిరెననియు, ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనను పణమునుబట్టి మలిదేవాదులు వలసపోయిరనియు వీరగాథలు చెప్పుచున్నవి. శ్రీనాథకృతమని ప్రసిద్ధిగన్న ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లోఁ బ్రకటించిన నాఁటినుండి ఈ కథ విద్వాంసుల చర్చకు నెలవైనది. ఆ గాథలలోనే ‘మందపోటు’ అను ఘట్టమొకటి కలదు. వలసపోయినవారి ఆలమందలపై శత్రువులు దాడి చేయించుట దాని విషయము. రాజును దెబ్బతీయఁగోరినవారు మందపైఁ బడిరనుట ఆ సీమలోఁ బశుసంపదకుఁ గల విలువను దెలుపును. కోడిపందెము అందఱికిని జ్ఞాపకమున్నది. మంద మఱపునఁ బడినది. కాని పశువుల నెచట మేపవలెను, ఎవరి యనుమతితో మేపవలెను అను ప్రశ్న పలనాటఁ బిమ్మటి కాలమునఁ గూడ మనుష్యుల ప్రాణముల మీఁదికిఁ దెచ్చినది.

ఈ ప్రశ్న యంత తీవ్రమగుటకు దేశస్వభావమే మొదటి కారణము. పలనాటికి ఉత్తరమునఁ గృష్ణానది పాఱుచున్నను, ఆ నీరు పొలముల కెక్కునది కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967లోఁ గాలువలకు నీరు విడుచు వఱకు ఆ సీమ ప్రధానముగా మెట్టసేద్యముపై నాధారపడినది. మెట్టసేద్యమునకు ఎడ్లు వలయును. నేలకు ఎరువు వలయును. వాన తప్పిన యేఁట కుటుంబమును నిలుపుటకుఁ బాడియు, గొఱ్ఱెలును, మేఁకలును వలయును. ఇన్నింటికిని మేఁత నిచ్చునది నల్లమలను జేరిన యడవులును, ఊరికొండల బీళ్లును. కావున అడవి పలనాటి కాఁపునకు రెండవ పొలమనవచ్చును.

ఆ రెండవ పొలముపై విధింపఁబడిన పన్నునకే పుల్లరి యని పేరు. ‘పులు’ అనఁగా గడ్డి, ‘అరి’ యనఁగాఁ గప్పము; గడ్డిపై నిచ్చు కప్పము పుల్లరి. పేరు తెలుఁగుదే, ప్రాఁతదే. 1882లో మద్రాసు అటవీ శాసనము వచ్చిన పిమ్మట దాని స్వరూపము మాఱినది. ఆ శాసనముచే ప్రభుత్వము హద్దులు నిర్ణయించి, ప్రకటన చేసి, అడవులను ‘రిజర్వు’ చేసెను. అట్టి యడవిలోఁ బశువును విడుచుటకు అనుమతిచీటి కావలెను. చీటికి తలకింతయని రుసుము చెల్లింపవలెను. చీటిలేని పశువు మేసినచో నేరమయ్యెను. అంతవఱకు వాడుకగా నున్నది అనుగ్రహమయ్యెను. అనుగ్రహమునకు వెల యేర్పడినది.

ఈ నియమమునకుఁ దోడైన వేఱొక శాసనము 1871 నాఁటి పశువుల అక్రమప్రవేశ శాసనము. ఊరూర బందెలదొడ్డిని దెలిసినవారికి దీని పేరు తెలియకున్నను ఫలము తెలియును. పరుల పైరులోఁ బడిన పశువును దోలుకొనిపోయి దొడ్డిలోఁ బెట్టించుట, యజమానుఁడు జరిమానాయు మేఁతఖర్చును జెల్లించి విడిపించుకొనుట దీని పద్ధతి. మూలశాసనమందలి పట్టిక చదువఁదగినది: ఏనుఁగునకు 2 రూపాయలు, ఒంటెకును, గేదెకును 8 అణాలు, గుఱ్ఱము, ఆవు, ఎద్దులకు 4 అణాలు, దూడ, గాడిద, పందులకు 2 అణాలు, గొఱ్ఱె, మేఁకలకు 1 అణా. ఏడు దినములలోపల ఎవరును రాకున్నచో ప్రకటన చేయుదురు. ఆ ప్రకటన పిమ్మట మఱి యేడు దినములు గడచినచో పశువును వేలము వేయుదురు.

మొదటఁ జూచినప్పు డిది న్యాయముగనే యున్నది. పైరు పండించినవానికి రక్షణ వలయును గదా. చిక్కు వేఱొకచోఁ గలదు. రిజర్వు అడవిలోఁ జొచ్చిన పశువు ప్రభుత్వతోఁటకు నష్టము చేసినట్లే భావింపవలెనని అటవీ శాసనము విధించెను. పొలమువిషయమున నష్టమునకుఁ గంటి కగపడు పైరుండును. అడవివిషయమున నష్టమును జూపఁబనిలేదు. పశువు అచట నుండుటయే నష్టమని శాసనము కల్పన చేసినది. తాతలనాఁటి మేఁతదారినే నడచిన యావు ఈ యొక్క కల్పనచేత అక్రమముగాఁ జొచ్చినదయ్యెను.

పట్టణములందలి నియమములతోఁ బోల్చినచో ఈ భేదము తేటపడును. నరసరావుపేటకు 1915లోఁ బురపాలకసంఘ మేర్పడినది. 1920 నాఁటి మద్రాసు జిల్లా పురపాలకశాసనమందును బశువులశాలలను గూర్చియుఁ, బందులను గూర్చియు నిబంధనలు కలవు. వాని యుద్దేశము ఆరోగ్యము, శుభ్రత, ఇరుగుపొరుగువారి సౌఖ్యము. పురనియమ మడుగు ప్రశ్న ‘ఈ పశువువలన నెవరికి బాధ?’ యని. అటవీనియమ మడిగిన ప్రశ్న ‘ఈ గడ్డి యెవరిది?’ యని. మొదటి ప్రశ్నకు సమాధానము ఊరిలోనే దొరకును. రెండవదానికి సమాధానమును బ్రభుత్వము ముందుగనే వ్రాసికొని వచ్చినది.

అధికారుల వాదమునఁ గూడఁ గొంత సత్యము లేకపోలేదు. ఎడతెగని మేఁతచే, విశేషించి మేఁకల నమలుటచే, లేఁజెట్లు పెరుఁగవు. అడవి క్షీణించినచో నష్టపడునది తుదకు గ్రామమే. కాని నియమము మంచిదైనను, దానిని నడపు విధమునుబట్టియే జనుల కది న్యాయమో పీడనమో యగును. ఈ ఫిర్యాదులు మద్రాసు ప్రభుత్వమునకుఁ దెలియనివి కావు. 1913 నాఁటి అటవీసంఘము రైతుల కష్టములను విచారించి, కొన్ని యడవుల నిర్వాహమును గ్రామపంచాయతీల కప్పగింపవలెనని సూచించెను. ఆ సూచన సంపూర్ణముగా నెఱవేఱియుండినచో పలనాటి కథ వేఱుగ నుండెడిదేమో.

1921లో సహాయనిరాకరణోద్యమము వ్యాపించినప్పుడు పలనాటి గ్రామములు పుల్లరి నిరాకరించి, చీటిలేకయే పశువుల నడవికిఁ దోలినవి. అధికారులకు సాంఘికబహిష్కార మేర్పడినది. కాంగ్రెసు పక్షమున నచటికిఁ బోయిన ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వేదాంతము నరసింహాచార్యులుగారును నిర్బంధింపఁబడిరి. ఉన్నవవారు కారాగారమందు రచించిన ‘మాలపల్లి’ 1922లో వెలువడి, పిమ్మట నిషేధమునకు గుఱియయ్యెను. 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము శాసనోల్లంఘనమును నిలిపివేయ నిశ్చయించెను. అయినను పుల్లరిపోరు వెంటనే చల్లారలేదు. ఆ నెల చివరిభాగముననే మించాలపాడు గ్రామవాసియు, పుల్లరి నిరాకరణమునకు నాయకుఁడునగు కన్నెగంటి హనుమంతు పోలీసుకాల్పులలో మరణించెను.

హనుమంతు ధైర్యమును బ్రజలు మఱవలేదు, మఱవఁదగినదియుఁ గాదు. ఐనను ఆ వృత్తాంతమును ఒక్క వీరుని మరణముగా మాత్రమే చెప్పినచో చరిత్రము సగము మిగిలిపోవును. కొన్ని అణాల పన్నునకై గ్రామములు అంత తెగించినవా యను సందేహమునకు సమాధానము పన్నులో దొరకదు. చీటి తీసికొనుట యనఁగా గడ్డి తమది కాదని యొప్పుకొనుట. పలనాటి జనులు నిరాకరించినది రుసుమును మాత్రమే కాదు. ఆ యొప్పుకోలును గూడ. మందపోటుకాలమున మందను గాచినవాఁడు శత్రువు నెదిరించెను; 1922లో మందను దోలినవాఁడు శాసనమందలి యొక కల్పన నెదిరించెను. కారెంపూడి చరిత్రమును బోధించు గురువులు మించాలపాటి చరిత్రమును గూడ దానిచెంతఁ జేర్చి చెప్పుట యుక్తము.